ఎక్కడెక్కడ సంతకం పెట్టినవ్?

(కరీంనగర్‌లో చేసిన అర్జీల సారు స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసానికి నిధి సమకూర్చిన కుటుంబం ఒకే ఒక్క షరతు పెట్టింది. కరపత్రం మీద ఆయన అసలు పేరు వేయొద్దు, లేబర్ ఆఫీసు వరండాలో జనం ఏమని పిలిచారో ఆ పేరే వేయండి అన్నారు. అందుకే మీ చేతిలోని కాగితం మీద 'అర్జీల సారు' అని మాత్రమే ఉంది. ఆయన వకీలు కాదు, యూనియన్ నాయకుడూ కాదు. రిటైరైన గుమాస్తా. ఒక మడత కుర్చీ, రాత అట్ట, రెండు కార్బన్ కాగితాలు, చేతిసంచిలో మంచినీళ్ల సీసా. అదే ఆయన ఆఫీసు. కాలు పోయినవాడు, వేళ్లు పోయినవాడు, పెనిమిటి పోయిన మనిషి, ఎవరొచ్చినా కూర్చోబెట్టి నీళ్లిచ్చేవారు. తర్వాత అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. దెబ్బ ఎట్ల తాకిందని కాదు, ఎంత వస్తదనుకుంటున్నవని కాదు.

"ఇప్పటిదాంక ఎక్కడెక్కడ సంతకం పెట్టినవ్?"

నేను వకీలును. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లోనే పనిలో దెబ్బ తగిలినవాళ్ల పరిహారం కేసులు, అంటే డబ్ల్యూసీ కేసులు చేస్తున్నాను. ఆ ప్రశ్న విని నేనే తలవంచుకున్న రోజు ఒకటుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ ప్రశ్న ఎందుకు అంత బరువైనదో చెప్పాలి.

చట్టం పేరు మారింది, మన నోట్లో మాత్రం డబ్ల్యూసీగానే మిగిలింది. వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం 1923లో వచ్చింది, 1924 జూలై 1 నుంచి అమల్లో ఉంది. 2010 జనవరి 18 నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టమైంది. 2025 నవంబర్ 21న సామాజిక భద్రత కోడ్ అమల్లోకి రావడంతో అందులో కలిసింది. అంతకుముందటి ప్రమాదాల కేసులు మన బల్లల మీద ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి నేను చెప్పే సెక్షన్ల నంబర్లు పాత చట్టానివి.

దీని వెనక ఒక చిన్న ఇంగ్లండు కథ ఉంది. 1837లో ఒక మాంసం కొట్టు యజమాని దగ్గర పనిచేసే కుర్రాడు, మోయలేనంత సరుకెత్తిన బండి విరిగి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. జూరీ 100 పౌండ్లు ఇప్పిస్తే పైకోర్టు కొట్టేసింది. పనిలోకి దిగినవాడు ఆ పని ప్రమాదాన్ని కూడా ఒప్పుకుని దిగినట్టే అన్నది దాని సారాంశం. ఆ మాటను దాటడానికి అక్కడ 1897 దాకా పట్టింది. మన చట్టం ఆ దాటిన ఒడ్డు మీద పుట్టింది. తప్పెవరిదని అడగదు. పని వల్ల, పనిలో ఉండగా దెబ్బ తగిలిందా అని మాత్రమే అడుగుతుంది. తాగి ఉన్నాడు, హెల్మెట్ పెట్టుకోలేదు అని యజమాని చెప్పే మాటలు కూడా మనిషి చనిపోయినప్పుడు, పూర్తిగా పనికిరాకుండా పోయినప్పుడు చెల్లవు. ఇంత సూటి చట్టంలో కార్మికుడికి తన వకీలుతో తగాదా ఎక్కడ మొదలవుతుంది? నా అనుభవంలో కోర్టులో కాదు. అంతకుముందే, మొదటి వారం పది రోజుల్లో, ఎవరో చూపించిన చోట పెట్టిన సంతకాల దగ్గర.

మొట్టమొదటి సంతకం గేటు దగ్గరిది. మన దిక్కు క్వారీలోనో మిల్లులోనో మనిషి పోతే మొదలయ్యేది కేసు కాదు, పంచాయితీ. శవాన్ని గేటు ముందు పెడతారు. కులపెద్దలొస్తారు, సర్పంచి వస్తాడు, అన్ని పార్టీల వాళ్లూ వస్తారు, కాంట్రాక్టరు తరఫున మాట తీరు తెలిసిన మనిషి ఒకడొస్తాడు. అర్ధరాత్రి దాకా బేరం నడుస్తుంది. నేను దీన్ని చిన్నచూపు చూడను. ఆ గేటు ముందు కూర్చోకపోతే దహనానికి కూడా రూపాయి దక్కని ఇళ్లు నాకు తెలుసు. కానీ తెల్లవారుజామున స్టాంపు కాగితం మీద ఒక వాక్యం రాస్తారు, ఇకపై మాకు ఎలాంటి హక్కులూ లేవని. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన ఆమె బొటనవేలు పట్టుకుని దాని మీద ముద్ర వేయిస్తారు.

ఆ వాక్యానికి విలువ లేదు. హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన ఏ ఒప్పందమూ చెల్లదని 17వ సెక్షన్. చనిపోయిన కేసులో యజమాని డబ్బును, ఈ కేసులు తేల్చే లేబర్ ఆఫీసు కమిషనర్ దగ్గరే జమ చేయాలని, నేరుగా ఇచ్చింది మూడు నెలల జీతం వరకు అడ్వాన్సుగా తప్ప పరిహారంగా లెక్కకు రాదని 8వ సెక్షన్. గాయాల కేసుల్లో రాజీ ఒప్పందం కుదిరితే దాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయాలి. మొత్తం తక్కువనిపిస్తే ఆయన నిరాకరించవచ్చు. ఇన్ని కాపలాలు పెట్టిన చట్టం ఇది. అయినా గేటు కాగితం చేతిలో పెట్టుకుని వచ్చిన ఆమెతో మా వకీళ్లలో ఒకరు "డబ్బు తీసుకున్నవు కదా, ఇంక కేసు నిలవదు" అంటారు. ఇంకొకరు "ఆ కాగితం సంగతి ఎక్కడా చెప్పకు" అంటారు. రెండూ తప్పే. మొదటివారు ఆమె హక్కును పోగొడితే, రెండోవారు ఎదుటి వకీలు ఆ కాగితం బయటకు తీసిన రోజు ఆమెను అబద్ధాలకోరును చేస్తారు. అర్జీల సారు దరఖాస్తు మూడో పేరాలోనే రాసేసేవారు, ఫలానా తేదీన గేటు దగ్గర ఇంత ఇచ్చారు, ఇలా ముద్ర వేయించుకున్నారు అని. ఎదుటి పక్షం చేతిలోని కత్తిని ముందే తీసి బల్ల మీద పెట్టేయడం ఆయన పద్ధతి.

రెండో సంతకం ఎటు పోవాలో తేల్చేది. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, మన తగాదాల్లో సగం ఇక్కడివే కనుక.

మన జిల్లా టాన్ బ్రౌన్ రాయి లోకమంతా పోతుంది. క్వారీ నుంచి బ్లాకు ఎత్తుకుని బయల్దేరిన లారీ రోడ్డు మీద ఇంకో లారీని గుద్దుకుంటే, క్యాబిన్‌లో ఉన్న క్లీనర్ చనిపోతే, అతని ఇంటివాళ్ల ముందు రెండు దార్లుంటాయి. లేబర్ ఆఫీసులో కమిషనర్ దగ్గర డబ్ల్యూసీ, లేదా జిల్లా కోర్టులో మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ప్రకారం ఏదో ఒకటే. రెండూ కుదరవు. ఒక దారి పట్టి పరిహారం తీసుకున్నాక రెండోదాని వైపు తిరగడానికి లేదని 2005 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది.

ఏది మంచిది? ఇక్కడ లెక్క చెప్పాలి. డబ్ల్యూసీలో నెల జీతం ఎంతైనా 2020 జనవరి 3 తర్వాతి ప్రమాదాలకు 15,000 రూపాయలే లెక్క. అంతకుముందు 8,000. చనిపోతే అందులో సగాన్ని వయసును బట్టి పట్టికలో ఉన్న అంకెతో గుణించాలి. 40 ఏళ్ల మనిషికి ఆ అంకె 184.17. అంటే 7,500ను 184.17తో గుణిస్తే 13,81,275 రూపాయలు. పూర్తి అంగవైకల్యమైతే సగం బదులు 60 శాతం, అంటే 16,57,530. సింగరేణిలో ఎంత పెద్ద జీతం తీసుకుంటున్న మనిషికైనా ఇదే కొలత. ట్రిబ్యునల్‌లో ఈ గరిష్ఠ పరిమితి లేదు. అసలు జీతం చూస్తారు, ముందు ముందు పెరిగే జీతం కూడా కలుపుతారు. కాబట్టి అంకెల్లో ట్రిబ్యునల్ పెద్దదిగా కనపడుతుంది. కానీ అక్కడ మామూలుగా ఎదుటివాడి నిర్లక్ష్యం రుజువు చేయాలి. చనిపోయింది డ్రైవరే అయి, బండి అతని పొరపాటు వల్లే బోల్తా పడితే అక్కడికి పోయి లాభం లేదు. తప్పు అడగని లేబర్ ఆఫీసే అతని దారి.

క్లీనర్ తల్లి అడిగేది చిన్న ప్రశ్న. ఎటు పోతే నాకు మంచిది? దానికి జవాబు చెప్పడానికి వకీలు ఎఫ్ఐఆర్ చదవాలి, పంచనామా చదవాలి, జీతం చీటీ చూడాలి. కొందరు అవేవీ చూడరు, తమకు అలవాటైన కోర్టుకు పోతారు. నిజం చెప్పాలంటే, ఫీజు ఎక్కువ వచ్చే దారికి పోతారు. రెండేళ్ల తర్వాత ఇంకెవరో "అరే, అటు పోతే ఇరవై లక్షలు వచ్చేవి" అంటారు. అప్పుడు మొదలవుతుంది గొడవ. ఆ అమ్మను నేను తప్పు పట్టను. ఎంచుకునే హక్కు చట్టం ఆమెకు ఇచ్చింది. రెండు దార్లున్నాయని ఆమెకు చెప్పిన మనిషి లేడు. ఆమె పెట్టిన సంతకంతో ఎంపిక అయిపోయింది, అయిపోయిందన్న సంగతి ఆమెకు తెలియదు.

ఈఎస్ఐ కార్డున్నవాళ్లకు ఈ ఎంపిక కూడా లేదు. వాళ్లకు పని గాయానికి పరిహారం ఈఎస్ఐ నుంచే, డబ్ల్యూసీ కుదరదు. పింఛను రూపంలో నెలనెలా వచ్చేది మీకు చిన్నగా అనిపించవచ్చు, కానీ అది ఆగదు. కార్డున్న మనిషితో డబ్ల్యూసీ వేయించిన వకీలు అతని రెండు మూడేళ్లు తిన్నట్టే. సివిల్ కోర్టు సంగతీ అంతే. నష్టపరిహారం దావా వేస్తే డబ్ల్యూసీ పోతుంది, డబ్ల్యూసీ వేస్తే దావా పోతుంది.

అయితే ఒకదానికొకటి అడ్డురానివి చాలా ఉన్నాయి. బొగ్గుబాయి మీద మనిషి పోతే ఇంటివాళ్లు పెట్టుకోవాల్సిన కాగితాలు నాలుగైదు రకాలు. డబ్ల్యూసీ, గ్రాట్యుటీ, బొగ్గుగనుల ప్రావిడెంట్ ఫండ్, పింఛను, డిపెండెంట్ ఉద్యోగం. చావు వల్లయితే గ్రాట్యుటీకి అయిదేళ్ల సర్వీసు నియమం కూడా లేదు. పట్టాదారు పాస్‌బుక్కు ఉండి వయసు 18 నుంచి 59 మధ్య ఉంటే 2018 నుంచి రైతుబీమా 5 లక్షలు వేరు. వీటిలో కోర్టు మెట్టెక్కాల్సింది మామూలుగా మొదటిదానికే. మిగతావి ఫారాలు, నామినీ పేర్లు, ఆధార్ నకళ్లు. వాటి మీద కూడా వాటా అడిగిన వకీలును నేనెరుగుదును. "ప్రావిడెంట్ ఫండ్ వాని చెమట. దాన్ల వకీలు చెమట ఏడుంది?" అని అర్జీల సారు వరండాలో గట్టిగా అరిచిన రోజు కూడా నాకు గుర్తే. అంత గట్టిగా ఆయన మళ్లీ ఎప్పుడూ అరవలేదు.

ఒకే మనిషికి రెండు దెబ్బలు తగిలిన కేసులు ఇంకో చిక్కు. ఒకే ప్రమాదంలో బొటనవేలు, కన్ను రెండూ పోతే శాతాలు కలుపుతారు. పట్టికలో బొటనవేలికి 30 శాతం, చూపుడువేలికి 14, ఒక కాలు మోకాలి కింద పోతే మామూలుగా 50, రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40. ఎన్ని కలిపినా పూర్తి వైకల్యానికి వచ్చే మొత్తం దాటకూడదు. కానీ 2019లో చూపుడువేలు, 2022లో బొటనవేలు పోతే అవి రెండు ప్రమాదాలు, రెండు కేసులు. మొదటిదానికి 8,000 జీతం లెక్క, రెండోదానికి 15,000. 40 ఏళ్ల మనిషికి బొటనవేలు ఒక్కదానికే పాత లెక్కలో 2,65,205 రూపాయలు, కొత్త లెక్కలో 4,97,259. ప్రమాదం తేదీ ఒక్క రోజు అటూ ఇటూ అయితే ఇంత తేడా. రెంటినీ ఒకే దరఖాస్తులో కుక్కేసిన వకీలు పని తగ్గించుకున్నాడేమో కానీ కార్మికుడి లెక్క చెడగొట్టాడు. ప్రతి ప్రమాదానికీ రెండేళ్ల గడువు కూడా విడివిడిగానే నడుస్తుంది. తగిన కారణం చూపిస్తే కమిషనర్ ఆలస్యాన్ని మన్నించగలరు. అది ఆయన దయ మీద ఉంది, మన హక్కుగా లేదు.

రాతి దుమ్ము కేసులైతే ఇంకా పీటముడి. సిలికోసిస్ ఒక్క రోజులో రాదు. నాలుగు క్వారీలు మారి, పదిహేనేళ్లు జాక్‌హామర్ పట్టినవాడి ఊపిరితిత్తులు ఏ క్వారీలో పాడయ్యాయి? చట్టం ఆ ప్రశ్నను మనిషి మీద వేయదు. అందరు యజమానులూ బాధ్యులే, ఎవరి వాటా ఎంతో కమిషనర్ తేలుస్తారు. కానీ వకీలు ఆఖరి క్వారీని ఒక్కదాన్నే ప్రతివాదిగా చేర్చి ఊరుకుంటే? ఆఖరివాడు "నా దగ్గర ఆరు నెలలే చేశాడు" అంటాడు. అది నిజమే కదా.

శాతం గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. డాక్టరు 40 శాతం రాశాడని కేసు 40 శాతం దగ్గర ఆగిపోనక్కర్లేదు. ఒడిశాలో సినిమా హాలు పని చేస్తూ కింద పడి ఎడమ చేయి పోగొట్టుకున్న వడ్రంగి కేసులో, ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కనుక అది పూర్తి వైకల్యమేనని సుప్రీంకోర్టు 1975లోనే చెప్పింది. పరిహారం బాకీ పడేది తీర్పు నాడు కాదు, దెబ్బ తగిలిన నాడేనని కూడా అదే తీర్పు. నెలలోగా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా. ఈ రెంటినీ అడగడం మరచిపోయిన దరఖాస్తులు నేను చూశాను. వాటిలో ఒకటి నా చేతిరాతలోనే ఉంది.

మనిషి పోయిన కేసుల్లో ఇంటి లోపలి తగాదా ఇంకొకటి ఉంటుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయారు. అలాంటి రోజు తర్వాత ప్రతి ఇంట్లోనూ ఉండే మనుషులు ఎవరు? భార్య, చిన్న పిల్లలు, పెళ్లికాని కూతురు, విధవరాలైన తల్లి. చట్టం దృష్టిలో వీళ్లంతా ఆధారపడినవాళ్లే, వేరే రుజువు అక్కర్లేదు. తండ్రి బతికి ఉంటే మాత్రం అతనూ తల్లీ కొడుకు మీద ఆధారపడి బతికామని చూపించాలి. ఎవరికెంతో పంచేది కమిషనర్. కోడలు, అత్త ఇద్దరూ ఒకే వకీలు దగ్గర వకాలత్ మీద సంతకం పెడతారు, ఇంటిల్లిపాదికీ ఒక్కరే చాలనుకుని. పంపకం రోజు వచ్చేసరికి ఆ ఇద్దరి మాటలూ ఒకటి కావు. ఆ వకీలు ఎవరి పక్షం? ఆ ముక్క ముందే చెప్పి ఇద్దరిలో ఒకరిని వేరే వకీలు దగ్గరికి పంపినవాడే నిజాయితీపరుడు. ఫీజు సగం పోతుందని తెలిసీ పంపాలి.

ఇప్పుడు ఫీజు. ఈ సభలో నా తోటి వకీళ్లు చాలామంది ఉన్నారు, కాస్త ఓర్చుకోండి.

పర్సంటేజీ ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. వచ్చేవాడి జేబులో బస్సు చార్జీలుండవు. జిరాక్సులు, డాక్టరు సాక్ష్యం ఖర్చు, హైదరాబాదు హైకోర్టు తిరుగుళ్లు, అన్నీ వకీలే పెట్టుకుంటాడు. గెలిస్తే వాటా, లేకపోతే గోవిందా. ఇది దయలా మొదలవుతుంది. కానీ బార్ కౌన్సిల్ నియమాలు కేసు ఫలితం మీద ఫీజు మాట్లాడుకోవద్దని, వచ్చిన దాంట్లో వాటా పెట్టుకోవద్దని సూటిగా చెప్పాయి. డబ్ల్యూసీ చట్టం 9వ సెక్షన్ ఇంకా గట్టిది. ఆ పరిహారాన్ని ఇంకొకరికి బదిలీ చేయడానికి, తాకట్టు పెట్టడానికి, జప్తు చేయడానికి వీల్లేదు. అప్పులవాడు ముట్టుకోలేని డబ్బు మీద వకీలుకు వాటా ఎక్కడిది?

మన తెలంగాణ కేసే ఒకటి చెబుతాను. 1998లో ఒకామె భర్త రోడ్డు ప్రమాదంలో పోయాడు. పరిహారం కేసు ఏళ్లు నడిచి గెలిచింది. 10 లక్షల ఫీజు ఇచ్చింది. వకీలు ఇంకో 10 లక్షలకు 2014లో చెక్కు రాయించుకున్నాడు, ఖాతాలో డబ్బు లేదని ఆమె మొత్తుకున్నా. వచ్చిన మొత్తంలో 16 శాతం తన వాటా అన్నది ఆయన లెక్క. చెక్కు చెల్లలేదు. ఆయన ఆమె మీద చెక్ బౌన్స్ కేసు పెట్టాడు. గెలిపించిన వకీలే ఆమెను క్రిమినల్ కోర్టులో నిలబెట్టాడన్న మాట. హైకోర్టు ఆ కేసును కొట్టేయలేదు. 2017 డిసెంబర్ 5న సుప్రీంకోర్టులో జస్టిస్ ఆదర్శ్ కుమార్ గోయెల్, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్ కొట్టేశారు. పరిహారంలో శాతంగా ఫీజు అడగడం ప్రజా విధానానికి విరుద్ధమని, అలాంటి చెక్కు మీద కేసు నిలవదని చెప్పారు. ఈ తీర్పు నకలు ప్రతి లేబర్ ఆఫీసు గోడకూ అతికించాలని నా కోరిక.

ఇక నా కథ. 1997. ఒక క్వారీలో డ్రిల్లింగ్ చేసే ముప్పై ఏళ్ల మనిషి. బ్లాకు జారి మోకాలి కింద కాలు పోయింది. అప్పట్లో లెక్కకు తీసుకునే జీతం 2,000 రూపాయలే. అందులో 60 శాతం, పట్టిక అంకె 207.98, దాన్లో 50 శాతం. మొత్తం 1,24,788. నేను అయిదో వంతుకు మాట్లాడుకున్నాను. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం కూడా తీసుకున్నాను. అప్పుడు అందరూ తీసుకునేవాళ్లు, నేనూ తీసుకున్నాను. గెలిచాం. యజమాని డబ్బు జమ చేసి హైకోర్టుకు పోయాడు. చట్టం ప్రకారం జమ చేయనిదే అతని అప్పీలు లోపలికి కూడా పోదు. అప్పీలు తేలేదాకా డబ్బు ఆపేశారు. ఈలోగా 80,000కు రాజీ అని కబురొచ్చింది. చెల్లెలి పెళ్లి దగ్గరపడింది, నా మనిషి సరేనన్నాడు. నేను వద్దన్నాను. పోరాడితే వడ్డీతో సహా వస్తుందని తెలుసు. అతను వినలేదు, ఫైలు ఇచ్చెయ్యమన్నాడు. నా ఫీజు కట్టి తీసుకుపొమ్మన్నాను.

మరుసటి రోజు అర్జీల సారు నా ఆఫీసుకు వచ్చారు. కూర్చోలేదు. తన చేతిరాతలో తెలుగు చేసుకున్న 9వ సెక్షన్ బల్ల మీద పెట్టి, "వకీలు సాబ్, ఆయన ఎక్కడెక్కడ సంతకం పెట్టిండో ఆయనకు ఎరుక లేదు. మీకు ఎరికేనా?" అన్నారు. నా బీరువాలో ఆ ఖాళీ స్టాంపు కాగితం ఉంది.

ఫైలు ఇచ్చేశాను. స్టాంపు కాగితం ఆయన ముందే చింపేశాను. ఆ మనిషి 80,000కు రాజీ పడ్డాడు. తర్వాత లెక్క వేసి చూసుకున్నాను, నా సలహా వింటే కనీసం అరవై వేలు ఎక్కువ వచ్చేవి. లెక్కలో నాది కరెక్టే. కానీ పెళ్లి అతని చెల్లెలిది, కాలు అతనిది. ఎంతకు రాజీ పడాలో చెప్పే హక్కు నాకు ఉంది, పడనివ్వనని చెప్పే హక్కు లేదు. మూడేళ్లకు, 2000లో, ఫీజు బాకీ ఉందని క్లయింటు ఫైలును వకీలు ఆపుకోకూడదని సుప్రీంకోర్టు స్పష్టంగా తీర్పు చెప్పింది. సారుకు ఫోను చేసి చెబితే, "నీకు ముందే తెలుసు గద" అన్నారు. మొదటిసారి నన్ను నువ్వన్నారు. నాకది బిరుదులా అనిపించింది.

వకీలు మీద నమ్మకం పోతే ఏం చేయాలని కార్మికులు అడుగుతుంటారు. వకీలును మార్చుకోవచ్చు. పాత వకీలు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఇవ్వకపోతే కారణాలు చెప్పి కమిషనర్ అనుమతి అడగవచ్చు. మోసం జరిగితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు 35వ సెక్షన్ కింద ఫిర్యాదు ఉంది. వినియోగదారుల ఫోరానికి మాత్రం పోవద్దు. వకీలు సేవలు ఆ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు చెప్పేసింది. ఒకటి గుర్తుంచుకోండి, కేసు ఓడిపోవడం మోసం కాదు, ఆలస్యమూ ఎప్పుడూ వకీలు చేసిందే కాదు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో రాసి ఉంది. నేను చేసిన వాటిలో అలా తేలినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కోపంలో వకీలును మార్చుతూ కూర్చుంటే అప్పీలుకున్న 60 రోజులు దాటిపోతాయి.

అసలు వకీలే లేకుండా కూడా నడపవచ్చని ఎంతమందికి తెలుసు? కార్మికుడి తరఫున రిజిస్టరైన యూనియన్ ప్రతినిధి హాజరు కావచ్చని 24వ సెక్షన్. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పరిశ్రమల కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, కోర్టు ఆవరణలోనే. 'ఉచితం' అన్న మాట వినగానే మనవాళ్లకు అనుమానం. ఆ అనుమానాన్ని పోగొట్టే బాధ్యత ఉచితంగా వచ్చే వకీలు మీద ఉంది. ఇంకో సౌకర్యం, 1995 సవరణ తర్వాత ప్రమాదం జరిగిన చోటే కాదు, తాను ఉండే చోట కూడా కేసు వేసుకోవచ్చు. 2016లో జిల్లాలు విడిపోయాక పెద్దపల్లి, మంచిర్యాల, జగిత్యాల, సిరిసిల్ల మనుషులకు ఇది మరీ పనికొచ్చే సంగతి. అత్తగారిల్లు వదిలి తల్లిగారింటికి చేరిన ఆమెకు ఇంకా ఎక్కువ.

బార్‌లోని చిన్నవాళ్లను నేను అడిగేది రెండే పనులు. ఫీజు ఎంతో మొదటి రోజే తెలుగులో రాసి ఒక ప్రతి వాళ్ల చేతికివ్వండి. ఏ దారిలో పోతున్నామో, ఏ దారి మూసుకుపోతుందో కూడా అదే కాగితం మీద రాయండి. ఇంత చేస్తే మీ మీద బార్ కౌన్సిల్‌కు పోయేవాడు ఉండడని నేను అనను. కానీ వెళ్లినా మీకు నిద్ర పడుతుంది.

వకాలత్‌నామా మన దగ్గర ఇంగ్లీషులోనే ఉంటుంది. దాంట్లో రాజీ పడే అధికారం, డబ్బు డ్రా చేసే అధికారం, ఇంకో వకీలును పెట్టుకునే అధికారం, అన్నీ ఆ చిన్న అక్షరాల్లోనే రాసిస్తారు. అర్జీల సారు చివరి రోజుల్లో దాన్ని వాక్యం వాక్యం తెలుగు చేశారు. వారి కుటుంబం దాన్ని అచ్చు వేయించింది. బయట బల్ల మీద ఉంది. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకుపోండి. ఇంటికి పోయి చదవండి, చదువు రానివాళ్లకు చదివి వినిపించండి. సంతకం మాత్రం ఇవ్వాళే పెట్టకండి.